సైకిళ్ళకు కాలమ్ లేని ఫారం

ఆమోసు గురించి రాయాలంటే నాకు ముందు కోపమే వస్తుంది. మంచివాడు కాబట్టి ఇంకా ఎక్కువ వస్తుంది. ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ కాలనీకీ బజారుకీ మధ్య ఉన్న రైలు గేటుకు ఆయన గేట్‌మన్. అచ్చులో ఉన్న ప్రతి మాటా దేవుడే రాశాడని నమ్మే మనిషి. చర్చిలో పాట ఎత్తుకునే ముందు కూడా పేజీ నంబరు రెండుసార్లు సరిచూసుకునేవాడు.

నేను తెలుగు బడిలో టీచర్ని, హైమవతి నా పేరు. రోజూ ఆ గేటు దాటే బడికి వెళ్ళేదాన్ని. ఆమోసు భార్య ఎస్తేరమ్మ కూడా అంతే. గేటుకు అవతల ఓ నర్సింగ్ హోమ్‌లో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పని ఆవిడది. ఇంటి నుంచి పావుగంట నడక. పొద్దున్న రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగేవేళకు గేటు దగ్గర సైకిళ్ళ వరదే. ఆ బెల్లుల మోతలో పక్కవాడి మాట వినబడేది కాదు.

1989లో కలకత్తా నుంచి అచ్యుతరావు గారు దిగారు. మా ఊరికి కొత్త ప్లాను గీయడానికి ఏదో కంపెనీ పంపిన ఇంజనీరు. తెలుగువాడే, మనవాడే అని మేమంతా తెగ మురిసిపోయాం. ఈ దారిలో ఎన్ని బళ్ళు పోతాయో లెక్క రాయమని ఆయన ఆమోసు చేతికి ఓ ఫారం ఇచ్చారు. అందులో కారు, జీపు, లారీ, బస్సు, స్కూటరు అని కాలమ్‌లున్నాయి. అంతే.

మొదటిరోజు నేను ఆగి చూశాను. కళ్ళముందు వందల సైకిళ్ళు పోతుంటే ఆమోసు పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"అదేటి ఆమోసన్నా, సైకిళ్ళు రాయవా?"

"కాలమ్ నేదు టీచరమ్మా."

"పక్కన అంత ఖాళీ ఉంది కదా, అక్కడ రాయి."

"అమ్మో! ఫారంలో లేంది రాస్తే తప్పుడు రికార్డు అయిపోద్ది. ముప్పై ఏళ్ళ సర్వీసమ్మా నాది. అలాటి పని సెయ్యను."

నాకు ఒళ్ళు మండింది. మూడు రోజులకు లెక్క తేలింది. స్కూటర్లు పదకొండు, జీపు ఒకటి, కార్లు రెండు. ఆ రెండు కార్లూ ఒకటే, అచ్యుతరావు గారి అంబాసిడరు. లెక్క ఎలా సాగుతోందో చూడ్డానికి వస్తూ ఒకసారి, చూసి వెళ్తూ ఒకసారి.

రెండేళ్ళకు ప్లాను అచ్చయింది. ఈ గేటును ఎవరూ వాడటం లేదట, మూసెయ్యాలట. రెండు మైళ్ళవతల, మలంచా వైపు, కార్లు హాయిగా పోయేలా బ్రిడ్జి కట్టాలట. మా ఊళ్ళో కార్లు చేతివేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయినా కట్టేశారు. గేటు ఉన్నచోట గోడ లేచింది. ఆమోసూ రిటైరయ్యాడు.

గోడకు ఇటుకలు దింపిన రోజున ఎస్తేరమ్మ అందరిముందూ మొగుణ్ణి నిలదీసింది.

"ఏటయ్యా, రోజూ నీ కళ్ళ ముందునించే గదా ఎల్లినాను! ఎవులూ ఎల్లట్లేదని ఎలాగ రాసినావు?"

"అలాగ రాయనేదే. కార్లు రెండని రాసినాను. నిజమే గదా."

"నీ నిజం తగలెయ్య! ఈ మోకాళ్ళతోటి రెండు మైళ్ళు ఎలాగ తిరిగెల్తాను? నా పని పోతే ఏటి సేస్తావు?"



మరుసటి జూన్‌లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో పర్యావరణ దినం జరిపారు. అచ్యుతరావు గారే ముఖ్య వక్త. బళ్ళ పొగతో భూమి వేడెక్కిపోతోందట. కార్లు తగ్గించి నడకా సైకిలూ అలవాటు చేసుకోవాలట. విదేశాల్లో పెద్దపెద్దవాళ్ళు అదే చెబుతున్నారట. వేదిక మీదివాళ్ళు నాలుగు కార్లలో వచ్చారు. మేం సైకిళ్ళ మీద వచ్చి, కింద కూర్చుని బుద్ధిగా విన్నాం. చప్పట్లు కూడా కొట్టాం. సిగ్గులేక నేనూ కొట్టాను.

ఆ తర్వాత బ్రిడ్జి మీద మళ్ళీ లెక్క మొదలుపెట్టారు. నమ్మకస్తుడని ఆమోసునే పిలిచి బ్రిడ్జి మొదట్లో స్టూలు వేశారు. ఫారం పాతదే.

ఎస్తేరమ్మ తెల్లారకముందే బయల్దేరేది. అయినా ఆ నెలలో రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే వేరే మనిషిని పెట్టుకుంటామని నర్సింగ్ హోమ్ వాళ్ళు తెగేసి చెప్పారు.

ఆ రోజు ఆవిడ బ్రిడ్జి దగ్గరకు వచ్చేసరికి ఇంకా చాలినంత టైముంది. నేను వెనకే సైకిలు తోసుకుంటూ వస్తున్నాను. అచ్యుతరావు గారి కారు వచ్చి ఆగింది.

"ఏమ్మా, అలా కుంటుతూ నడవడమెందుకు? ఎక్కండి, దింపేస్తాను."

పాపం, మంచిమనసుతోనే పిలిచారు. ఎస్తేరమ్మ వద్దంది. ఆమోసే స్టూలు మీంచి లేచి వచ్చాడు.

"సారు పిలస్తంటే ఎక్కవేటే! ఐదు నిమిషాల్లో ఎల్లిపోతావు."

ఎక్కించి, తలుపు కూడా తనే వేశాడు.

కారు పట్టుమని పది గజాలు పోలేదు, వర్క్‌షాపు సైకిళ్ళు చుట్టుముట్టాయి. గేటు దాటిపోయే జనమంతా ఇప్పుడు ఈ ఒక్క బ్రిడ్జే ఎక్కాలి కదా. నేను నడుస్తూనే కారును దాటేసి, కాస్త ముందు ఆగి చూశాను. అచ్యుతరావు గారు తల బయటపెట్టి అరిచారు.

"ఆమోసూ! ఎక్కడివయ్యా ఇన్ని సైకిళ్ళు?"

"ఏ సైకిళ్ళు సార్?" ఆమోసు ఎగతాళికి అనలేదు, ఫారం చూసుకుని మరీ అన్నాడు. "మన లెక్కలో సైకిళ్ళు లేవు గదండీ."

ఎస్తేరమ్మ సీటు అంచున పది నిమిషాలు కూర్చుంది. ఇక ఆగలేక తలుపు తోసుకుని దిగింది. "తమరికి తొందర్లేదు బాబూ, నాకుంది" అని, చెప్పులు చేత్తో పట్టుకుని ఆ మోకాళ్ళతోనే పరుగెత్తింది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఏడు నిమిషాలు ఆలస్యమైంది. ఇరవై రెండేళ్ళు నడిచి నిలబెట్టుకున్న పని, కారెక్కిన ఒక్క రోజున పోయింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఎస్తేరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను పిలిచినా లేవలేదు. ఆమోసు జేబులోంచి ఆనాటి ఫారం తీసి, మడత విప్పి నాకు చూపించాడు.

"ఇదుగో టీచరమ్మా, కార్ల కాలమ్‌లో ఒకటి. దీన్లో మా ఎస్తేరుంది" అన్నాడు. "ఇన్నేళ్ళకి లెక్కలోకొచ్చిందమ్మా."