వెల్డా తూచిన మందు

తుపాకి మందు తూచేటప్పుడు వెల్డా ఊపిరి బిగబట్టేది. ఆ త్రాసు అలాంటిది, మనిషి ఊపిరి తగిలినా పళ్లెం ఊగుతుంది. ఆమె చదువు ఆరో తరగతితో సరి. అయితేనేం, మోంటానా గోధుమ చేల మధ్య జరిగే వెయ్యి గజాల గురి పందేల్లో మొగుడు ఆర్లో పేల్చిన ప్రతి తూటాలోనూ ఆమె తూచి పోసిన మందే. ఒక్క పలుకు ఎక్కువైనా పట్టకారుతో తీసేసేది. కప్పులు అతను గెలిచినా, అవి తనవేనని నలుగురిలో చెప్పుకునేది. ఎందుకు చెప్పుకోకూడదు?

ఆ వేసవి ఆర్లో గుళ్లు గురి అట్ట మీద పైకీ కిందికీ పడసాగాయి. పక్కలకు జరిగితే గాలిది తప్పు, పైకీ కిందికీ పడితే మందుది. మా వైపు పిల్లలకూ తెలిసిన సంగతే.

"మందు పోస్తున్నావా, కోళ్లకు నూకలు చల్లుతున్నావా? కళ్లు కనబడుతున్నాయా అసలు?" అన్నాడు ఆర్లో, అందరి ముందూ.

"నా కళ్లకేం? ఇన్నేళ్లు నిన్ను చూసినా చెడలేదు."

అందరూ నవ్వారు.  మర్నాడు ఆర్లో కుర్చీలో కునుకు తీస్తుంటే, అతని తుపాకీ, మిగిలిన తూటాలూ పట్టుకెళ్లి పక్క పొలం డెల్మర్ చేతిలో పెట్టింది.

"కాల్చు. తప్పెవరిదో తేలాలి."

డెల్మర్ కాల్చాడు. గుళ్లన్నీ ఒక్క అరచేయి కింద దాగేంత చోటులో పడ్డాయి.

"నీ మందు బంగారం, వదినా. అతనికే ఊపిరి నిలవడం లేదు, దాంతో తుపాకి పైకీ కిందికీ ఊగుతోంది. పందేల్లో పక్కనే నేల మీద పడుకుని కాలుస్తాను కదా, వినబడుతుంది. ఇన్నేళ్లూ ధాన్యం కొట్లో మింగిన దుమ్ము మరి. ఇక పందేలు మానెయ్యమని నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నోరు మూసుకో. మానేస్తే ఆ మనిషి ఆ కుర్చీలోంచి మళ్లీ లేవడు."

ఇంటికొచ్చి, డెల్మర్ కాల్చిన అట్ట చింపి పొయ్యిలో పడేసింది. భోజనాల దగ్గర ఆర్లో ముఖం చూడకుండా చెప్పింది.

"నువ్వన్నదే నిజం. త్రాసు ముల్లు నాకు రెండుగా కనబడుతోంది. ఇక నువ్వే తూచుకో."

"చెప్పానా!" అని ఎగిరాడు. అంతలోనే మెత్తబడి ఆమె చేయి తట్టాడు. "పోనీలే, వయసు." తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆర్లో త్రాసు ముందు కూర్చున్నాడు. అతని ఎగశ్వాసకు పళ్లెం ఊగింది. మళ్లీ పోశాడు, మళ్లీ ఊగింది.

"దీనికేం రోగమే?"

"గాలి" అంది వెల్డా. లేచి వెళ్లి కిటికీ మూసింది.

పళ్లెం ఊగుతూనే ఉంది. అతని వెనక నిలబడి, ఆమె ఊపిరి బిగబట్టింది.