భూమన్న విన్నంత మేర

చంద్రపూర్ లాల్‌పేట్ బొగ్గు గనిలో భూమన్న ముప్ఫై ఒక్క ఏళ్లు చేసిన పని రాయిని వినడం. షిఫ్టులో అందరికన్నా ముందు లోపలికి వెళ్లి, పొడుగాటి కర్రతో పైకప్పును తట్టేవాడు. గట్టి రాయైతే ఖంగుమంటుంది. లోలోపల విడిపోయిన రాయైతే డొల్లగా పలుకుతుంది. అది విని ఆయన "రాండ్రి" అంటే నలభై మంది ఆ కప్పు కిందికి వెళ్లేవాళ్లు. "ఆగుండ్రి" అంటే ఆగేవాళ్లు. ఎందుకని ఒక్కనాడూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ చెవులతోనే సినిమాలు చూస్తున్నాడు.

బజారులో రామనాథం స్టీలు సామాన్ల దుకాణం పైన ఒక గది ఉంది. నెలకు రెండు ఆదివారాలు పొద్దున్నే ఇరవై మంది అక్కడ చాపల మీద కూర్చుంటారు. తెల్లటి గోడ మీద సినిమా వెలుగుతుంది. తరవాత చాయ్, ఆ తరవాత వాదన. భూమన్న సగం సినిమా కళ్లు తెరిచి చూస్తాడు, సగం మూసుకుని వింటాడు. ఆయన వినాలని చంద్రపూర్ మే నెలలో కూడా కూలర్ బంద్ చేస్తారు. అందరూ తడిసి ముద్దవుతారు. చివరికి రామనాథం "ఏమంటవ్ భూమన్నా?" అని అడుగుతాడు. భూమన్న గట్టిదనో డొల్లదనో చెబుతాడు. సినిమా మంచిదా కాదా అని చేతులెత్తి తేల్చేటప్పుడు, గదిలో చేతులు ఎక్కువగా ఆ మాట వెంటే లేస్తాయి.

సినిమా గొంతు విప్పిన తొలి ఏళ్ల పాటల చిత్రాలంటే ఆయనకు ప్రాణం. మైకును పూలకుండీలో దాచి, వాయించేవాళ్లను పొద చాటున కూర్చోబెట్టి, పాటను అప్పటికప్పుడు పట్టుకున్న కాలం అది. పాడే మనిషి తల తిప్పితే గొంతు దూరమయ్యేది, మళ్లీ తిరిగితే దగ్గరికొచ్చేది. కళ్లు మూసుకుని కుండీ ఎక్కడుందో భూమన్న వేలితో చూపించేవాడు.

ఈ వేసవిలో, రాబోయే ఏడాదికి జాబితా వేసేటప్పుడు, ఓంప్రకాష్ వకీలు ఆ సినిమాలకే ఎసరు పెట్టాడు.

"నిలబడి పాడుడు, పాడుకుంట నిలబడుడు. గంతే గదా? ఫోటోకు గొంతొచ్చినట్లు."

"ఫోటోకు గొంతొస్తే కోర్టు ఇడిశిపెట్టి చూడనీకె పోవా, వకీల్ సాబ్?" అన్నాడు భూమన్న.

అందరూ నవ్వారు కానీ వకీలు వెనక్కి తగ్గలేదు. పాతవి తీసేసి, అవార్డులు వచ్చినవి పెడదామన్నాడు. చివరికి రామనాథం రెండు రకాల్లో ఒక్కొక్కటి ఒకేరోజు వేద్దామని, చూశాక చేతులెత్తి తేల్చుకుందామని అన్నాడు.

అవార్డుల సినిమా ముందు పడింది. ఏడు దేశాల బహుమతుల గుర్తులు ఒకటి తరవాత ఒకటి వచ్చి పోయాయి. తరవాత సాయంత్రపు చేను. పది నిమిషాలు మనిషి లేడు. ఆ తరవాత భార్యాభర్తలు వచ్చి గట్టు మీద కూర్చుని, సినిమా అయిపోయేదాకా తమ జీవితం గురించి మాట్లాడుకున్నారు.

"డొల్ల," అన్నాడు భూమన్న. "పది నిమిషాలు సప్పుడే లేకపాయె. సప్పుడు లేనిదాన్ని ఏం తట్టి చూడాలె?"

రామనాథం కోడలు పల్లవి ఒక ఆస్పత్రిలో చెవుల పరీక్ష చేస్తుంది. ఆమె మెల్లగా అంది: "కాకా, సప్పుడున్నది. పది నిమిషాలూ పురుగులు కూస్తనే ఉన్నయి."

వకీలు కూడా నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే భూమన్నకు గుచ్చుకుంది. పాత సినిమా సంగతి మళ్లీ చూద్దామని చెప్పి, చాయ్ తాగకుండానే మెట్లు దిగాడు.

ఇంట్లో భార్య సారక్క జాలి చూపలేదు. "కుక్కర్ సీటీ ఇనవడని మనిషికి సినిమా ఎట్ల ఇనవడ్తదని నేనెన్నడో అన్న."

"నాకు ఇనవడలే."

"అది చెవి తప్పు గాదు," అంది సారక్క.

మర్నాడే పల్లవి దగ్గరికి వెళ్లాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా వేలు ఎత్తమంది. కొంతసేపయ్యాక ఎత్తడానికి ఏమీ మిగలలేదు. బయటికొస్తే ఆమె చేతిలో కాగితం ఉంది. దాని మీద గీత చదునుగా నడిచి నడిచి, ఓపెన్‌కాస్ట్ గని అంచులా ఒక్కసారిగా కిందికి పడిపోయింది.

"డ్రిల్లింగ్ మోత తినేసింది కాకా. సన్నటి సప్పుళ్లు పోయినయి."

భూమన్న అడిగాడు: "మరి నా మాట మీద నలభై మంది..."

"రాయి సప్పుడు లావుది. అది మీకు ఇయ్యాల్టికి గూడ మంచిగనే ఇనవడ్తది." ఆ గీత విరిగిన చోట పల్లవి వేలు పెట్టింది. "ఇంకో సంగతి చూడుండ్రి. ఆ పాత సినిమాల మైకులు గూడ గిక్కడిదాంకనే పట్టేటియి. దీనికి అవతలిది వాటికీ అందలే."

భూమన్న కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. దాదాపు తొంభై ఏళ్ల కిందట, పూలకుండీలో దాగిన ఒక ఇనుప చెవి. ముప్ఫై ఒక్క ఏళ్లు చీకట్లో అరిగిన తన చెవి. రెండూ ఒకే గట్టు దగ్గర ఆగాయి. ఆ యంత్రం ఎంత విన్నదో తనూ అంతే వింటున్నాడు.

ఆ వెంటనే గుండెలో భయం దిగింది. ఆ పాటలు నిజంగా గట్టివా? లేక తన చెవికి సరిపోయాయి గనకే గట్టివనిపించాయా? అదే నిజమైతే, ఇన్నేళ్లూ ఇరవై మందితో చేతులెత్తించింది తన చెవుడే.

పల్లవి వారం రోజులు వాడి చూడమని వినికిడి మిషన్లు ఇచ్చింది. చెవుల్లో పెట్టుకుని బయటికొచ్చాడు. ఆటో బ్రేకు కీచుమంది. కరెంటు తీగ మీద పిచ్చుకలు గాజుముక్కలు రాల్చినట్టు అరిచాయి. నడుస్తుంటే తన చొక్కాయే గుసగుసలాడింది. లోకానికి ఇంత సన్నటి అంచు ఉందని ఆయన మరిచిపోయాడు. నేరుగా రామనాథం దుకాణానికే వెళ్లాడు.

"సేటు, రెండు సినిమాలు మల్ల ఏయిండ్రి. నా మాట నేనే తట్టి చూసుకోవాలె."

తరవాతి ఆదివారం ఎవరూ మానలేదు. ఈసారి పాతది ముందు వేశారు.

మొదలవగానే భూమన్న ఉలిక్కిపడ్డాడు. పాట నిండా సన్నటి వాన. రీలు అరిగిన ఉస్సుమనే శబ్దం, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయనకు చేరలేదు. ఆ వాన కింద పల్చని అమ్మాయి ఒకతె పాడుతోంది. తల తిప్పింది, గొంతు తడబడి దూరమైంది. ఆమె భయం గొంతులోనే ఉంది. దాచిన మైకు ముందు ఎలా పాడాలో ఆమెకు నేర్పడానికి అంతకుముందు ఎవరూ పాడి ఉండలేదు. అయినా తిరిగి కుండీ వైపు వచ్చింది, చరణం అందుకుంది. తొంభై ఏళ్లుగా వాన కురుస్తున్నా ఆ గొంతు తడవలేదు. భూమన్న చెంపలు తుడుచుకున్నాడు. చెమటే అనుకున్నారు అందరూ.

ఆ తరవాత ఏడు బహుమతుల చేను. పురుగులు మొదలయ్యాయి. ఒకటి, పది, వెయ్యి. చీకటి ముదిరేకొద్దీ దగ్గరవుతూ, గాలి వస్తే ఆగి, మళ్లీ ఎత్తుకుంటూ. భూమన్న కళ్లు మూసుకున్నాడు. ఆ పైన భార్యాభర్తలు వచ్చి గట్టు మీద కూర్చుని, సినిమా అయిపోయేదాకా మాట్లాడారు.

లైటు వేశాక అడగడానికి రామనాథం తటపటాయించాడు. వకీలే అడిగాడు, గొంతు తగ్గించి. "ఏం భూమన్నా, ఇప్పుడేమంటవ్?"

"పాతది గట్టిది. దాని మీద వాన పడ్తున్నదని నాకు తెల్వకుండె. తెలిసినంక ఇంకింత గట్టిదనిపిస్తున్నది."

"మరి ఇది?"

"పది నిమిషాల కాడ నేను తప్పు, వకీల్ సాబ్. గసొంటిది నేను ఈ గదిల ఇనలే." భూమన్న గోడ వైపు చూశాడు. "కానీ గంత పాట ముందర కూసున్న మనుషులకే ఏం మాట్లాడాలెనో తెల్వకపాయె. ఏడు దేశాలోళ్లు అవార్డులు పురుగులకు ఇచ్చిండ్రేమో."

అందరికన్నా ముందు నవ్వింది వకీలే. చేతులెత్తినప్పుడు పాత సినిమాలకు పదమూడు చేతులు లేచాయి. అందులో తన చేయి ఉందో లేదో భూమన్న చూసుకోలేదు. ఆయన ప్రొజెక్టర్ దగ్గరున్న పల్లవి వైపు వంగి అడుగుతున్నాడు:

"బిడ్డా, ఆ చేను మల్లొకసారి ఏస్తవా? మనుషులు రాకముందే ఆపు."