ఊరికొచ్చిండా?

ఇప్పటికీ ఎవరైనా నన్ను ప్రతినిధి అంటే ఒక బొటనవేలు గుర్తొస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాకు రెండంతస్తుల పైన ఉండే పరిశోధకుడిది. కరీంనగర్ మనిషి. ఇంగ్లండులో సముద్రపొడ్డు పట్నం ఒకటి నాలుగు వందల ఏళ్లుగా పార్లమెంటుకు పంపిన సభ్యుల మీద డాక్టరేటు చేస్తున్నాడు. తమను గెలిపించిన ఊరి ముఖం చూడనివాళ్లే అందులో ఎక్కువట. మెట్ల మీద కనబడితే చాలు, ఒక సభ్యుడి వైభవమంతా వర్ణించి, బొటనవేలు ఆడిస్తూ తనే అడిగేవాడు: “ఊరికొచ్చిండా?” తీర్పూ తనే చెప్పేవాడు: “రాలే.” ప్రభువులకైనా మినహాయింపు లేదు.

లాక్‌డౌన్‌లో మా బిల్డింగు తెలుగువాళ్లు నన్ను ప్రతినిధిగా ఎన్నుకున్నారు. పోటీ లేదు గనక అఖండ విజయం. జర్మన్ చక్రవర్తి కైజరుకైనా లేని అధికారంతో వాట్సాప్ గ్రూపును ఏలాను.

అంతలో ఆ పరిశోధకుడికి కరోనా వచ్చింది. రోజూ ఫోన్‌లో “ఏమైనా కావాలా?” అని ప్రజాసేవ చేశాను. “ఏం వద్దన్నా, మంచిగనే ఉన్న,” అనేవాడు దగ్గుతూ. ఆ రెండంతస్తులూ నాకు హిమాలయాల్లా కనిపించాయి. జ్వరం తగ్గిందని ఆయనే చెప్పాక, పప్పుచారు గిన్నెతో అధిరోహించాను. గుమ్మం పక్కన ఎదురింటి జర్మన్ ముసలావిడ పంపిన సూపు గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

“నేనే, మీ ప్రతినిధిని,” అన్నాను మూసిన తలుపుతో.

లోపల కొంచెం దగ్గు. “ఊరికొచ్చిండా?”

జ్వరం తగ్గాకే వచ్చినవాణ్ణి గనక, నేను తల దించుకుని “రాలే” అనే తీర్పు కోసం నిలబడ్డాను.

“వచ్చిండు. గిన్నె ఆడ పెట్టి జల్ది పోరాదన్నా, నీకు అంటుకుంటది.”

నాలుగు వందల ఏళ్లలో ఏ ప్రభువు కోసమూ అబద్ధమాడని చరిత్రకారుడు, ఆ రోజు నా కోసం ఆడాడు.