శ్లాబు పోసిన రోజు

దెయ్యాల సంగతి ఎత్తితే చాలు, నా నోరు ఊరుకోదు. స్టాఫ్ రూములో ఎవరైనా "మా పిన్నికి పట్టిందండీ" అని మొదలుపెట్టగానే ఏం పట్టింది, ఎన్ని గంటలకు పట్టింది, పట్టగా చూసిందెవరు అని అడిగి ఆ కథను మధ్యలోనే చంపేసేదాన్ని. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నా ఎదుట దిష్టి తీయడానికి జంకేవారు. బి.ఏ., బి.ఇడి. చదివి, ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లలకు సోషల్ పాఠాలు చెబుతున్నదాన్ని. దెయ్యాలున్నాయని ఇప్పుడు కూడా నేను అనడం లేదు. తిరువూరులో ఒక మిట్టమధ్యాహ్నం నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కారణం చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. వినడానికే కాదు, వాదించడానికి కూడా నేను సిద్ధం.

ఊరు దాటి విస్సన్నపేట రోడ్డులో కొంత దూరం వెళితే ఒక మెరక మీద ఆగిపోయిన హోటలొకటి కనిపించేది. మామిడి తోటలున్న ఒక ఆసామి ఊటీ చూసొచ్చి, అలాంటి వేసవి విడిది మన దగ్గరా ఉండాలని మొదలుపెట్టాడు. రెండు వరసల గదులు, వాటి మధ్య ఈతకొలను, పక్కన భోజనాల హాలు. మా ఎండల్లో బస్సు దిగినవాడు ముందు మంచినీళ్ళు వెతుక్కుంటాడు గాని, వేసవి గడపడానికి తిరువూరు ఎవడొస్తాడని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. ఎడమ వరస మీద శ్లాబు పడింది. కుడి వరస మీద ఆకాశమే కప్పు. ఈతకొలను గొయ్యిగానే మిగిలింది.

పని ఎందుకు ఆగిందో ఊళ్ళో అందరికీ తెలుసు. అది చెప్పే ముందు, శ్లాబు పోయడం చూడనివాళ్ళ కోసం ఒక మాట. సిమెంటు, ఇసక, కంకర కింద కలుపుతారు. దాన్ని మాలు అంటారు. నేల మీద నుంచి పైదాకా పరంజా కట్టి, వాలుగా పలకలు పరిచి, వాటి మీద ఆడవాళ్ళు వరసగా నిలబడతారు. మాలు నింపిన ఇనప తట్ట ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి, "అందుకో", "అందుకో" అంటూ పైకి పోతుంది. ఒకరి మొహం ఒకరు చూడరు. చేతులే చూస్తారు. మొదలుపెట్టాక ఆపకూడదు. ఆపితే ముందు పోసింది గట్టిపడిపోయి, తర్వాత పోసింది దానికి కలవదు. ఆ అతుకులోంచి జీవితాంతం వాన కురుస్తూనే ఉంటుంది.

ఎడమ వరసకు శ్లాబు పోసిన రోజు పెనుగొలను నుంచి కూలికొచ్చిన దానమ్మ, కళ్ళు తిరుగుతున్నాయని తట్ట కింద పెట్టింది. ఆసామి దగ్గరి మేనేజరు పరంజా ఎక్కి వెదురు బద్దతో ఆమె వీపు మీద కొట్టాడు. లేచి మరో రెండు తట్టలు అందించి మళ్ళీ కూలబడింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి ఆమె పరంజా మీద నుంచి తలకిందులుగా ఈతకొలను గొయ్యిలోకి పడింది. అడుగున రాయి. తల పగిలి అక్కడికక్కడే పోయింది. ఆ వరస పూర్తయ్యేదాకా మిగతావాళ్ళను వాడు కదలనివ్వలేదట. తర్వాత కాలు జారి పడిందని రాసుకున్నారు. మేనేజరు ఊరొదిలి పోయాడు. ఆ గోడల మధ్యకు మళ్ళీ తట్ట పట్టుకుని ఎవరూ రాలేదు.

కొన్నేళ్ళకు ఆసామి పోయాడు. ఆ మొండిగోడల్ని ఏం చేయాలో ఊరే చెప్పమని ఆయన భార్య కబురు పెట్టింది. పంచాయతీ ఆఫీసులో మీటింగు. ఒకరు సినిమా హాలన్నారు. ఒకరు బ్రాందీ షాపు, పైన గదులు అన్నారు. మిల్లు వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి మిరపకాయల గోడౌను కావాలన్నాడు. నేను బాలికల హాస్టలన్నాను.

నా దగ్గర కారణం ఉంది. పల్లెల నుంచి వచ్చి చదువుకునే మా పిల్లలు రేకుల షెడ్డులో పడుకునేవాళ్ళు. అంతకుముందు వర్షాకాలం గాలివానకు ఒక రేకు లేచొచ్చి తొమ్మిదో తరగతి పిల్ల మెడ కోసింది. నా చీరకొంగు ఆ గాయానికి అదిమిపెట్టి ఆసుపత్రి దాకా పరిగెత్తినదాన్ని నేను. పిల్ల బతికింది. ఇంకో వర్షాకాలం ఆ షెడ్డులో పిల్లల్ని పెట్టనని ఆ రోజే అనుకున్నాను.

"ఆడపిల్లలకు మేడలు దేనికమ్మా, రేపు పెళ్ళయితే పోయేవాళ్ళే గదా" అన్నాడు మిల్లాయన.

"మిరపకాయలు కూడా అమ్ముడైతే పోయేవే గదండీ" అన్నాను.

నవ్వులు లేచాయి. ఆయన తమ్ముడు కుర్చీ లేపి నా మీదికి విసిరాడు. అది నాకు కాక మా ఆయన నుదుటికి తగిలింది. లెక్కల మాస్టారు, చీమకు కూడా దారిచ్చే మనిషి. చొక్కా మీద రక్తం కారుతుంటే నాతో మెల్లగా, "ఈసారి కాస్త దూరంగా కూర్చుంటానే" అన్నారు. మీటింగుకు వచ్చి కూర్చున్న ఆసామి భార్య ఆ రక్తం చూసి నా పక్షానికి వచ్చింది. కానీ షరతు పెట్టింది. బడులు తెరిచేలోగా కుడి వరస మీద కప్పు పడాలి. పడకపోతే గోడౌనుకే ఇచ్చేస్తుంది.

సిమెంటు దొరికేసరికి మే నెల వచ్చేసింది. యేసోబు మేస్త్రీ ఒప్పుకున్నాడు. కూలివాళ్ళే రామన్నారు. నేనే ఇంటింటికీ తిరిగి, బతిమాలి, తిట్టి, వాళ్ళ పిల్లలు మా బళ్ళో చదువుతున్న సంగతి గుర్తుచేసి తీసుకొచ్చాను. మరియమ్మ ప్రార్థన చేసుకుని వచ్చింది. కోటమ్మ నిమ్మకాయ కొంగున కట్టుకుని వచ్చింది. రెండూ చూసి నేను నవ్వాను.

తెల్లారగానే పని మొదలైంది. పదకొండయ్యేసరికి పలకలు కాళ్ళను కాలుస్తున్నాయి. ఒంటిగంటకు పరంజా మలుపు తిరిగే చోట నిలబడ్డ మనిషి వాంతి చేసుకుని దిగిపోయి, గోడ నీడలో తల పట్టుకుని కూర్చుంది. ఆమె చోటులోకి ఎవరినీ పంపలేదు. మనుషులే లేరు. కాసేపు ఆపమని, గంజి తాగొస్తామని పై నుంచి కోటమ్మ అడిగింది.

"ఆపితే శ్లాబు పాడైపోతుంది. ఒక్కరు కూడా దిగడానికి వీల్లేదు" అని నేను కింద నుంచి అరిచాను.

"ఆ మేనేజరూ ఇదే మాటన్నాడంటమ్మా" అంది కోటమ్మ.

"నోర్మూసుకుని అందుకో" అన్నాను.

ఈ మాట రాయకుండా వదిలేయొచ్చు. కానీ మిగతావాళ్ళ కథల్లో సౌకర్యంగా వదిలేసిన ముక్కల్ని పట్టుకునే నేను అందరినీ నిలదీసేదాన్ని. కాబట్టి రాస్తున్నాను.

ఆ మాట అన్నాక తలెత్తి చూశాను. మలుపుకు కింద మరియమ్మ, పైన కోటమ్మ. మధ్యలో ఎవరూ లేరు. ఇద్దరూ చేతులు చాచినా ఒకరికొకరు అందనంత ఎడం. అయినా తట్టలు పోతున్నాయి.

మరియమ్మ తట్ట తీసుకుని, పక్కకు తిరిగి, "అందుకో" అని ఆ ఖాళీలోకి అందించి చేతులు వెనక్కి తీసుకుంటోంది. విసరడం లేదు. తట్ట కింద పడటం లేదు. నడుమెత్తున, మనిషి తిరిగినట్టు నెమ్మదిగా తిరిగి, కోటమ్మ చేతుల్లోకి పోతోంది. ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశాను. ఎండదెబ్బ అనుకుని నెత్తి మీద నీళ్ళు పోసుకుని చూశాను. తట్ట అంచు నుంచి మాలు చుక్కలు రాలడం కూడా కనిపించింది.

తెలివైనదైతే నోరు మూసుకునేది. నేను మలుపు దాకా ఎక్కి, వేలు చూపించి, "ఇక్కడ ఎవరున్నారే?" అని గట్టిగా అడిగాను.

ఆ క్షణాన గాల్లో ఉన్న తట్ట దబ్బున పడింది. కింద మాలు దగ్గర వంగి ఉన్న యేసోబు మేస్త్రీ తలకు పక్కగా తగిలింది. చెవి సగం తెగి వేలాడింది. నెత్తురు మాలులో పడి, చూస్తుండగానే ఆ బూడిదరంగు ఎర్రబడింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఇద్దరు మగవాళ్ళు మేస్త్రీని బండి మీద వేసుకుని ఆసుపత్రికి తోలారు. వరస అంతా దిగడానికి సిద్ధంగా ఉంది. సగం శ్లాబు ఎండలో గట్టిపడుతోంది.

నేను వాళ్ళను మళ్ళీ కసురుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఆ ఖాళీలో నిలబడి, మరియమ్మ వైపు చేతులు చాచాను. ఆమె ఒక్క క్షణం తటపటాయించి తట్ట అందించింది. పని మళ్ళీ సాగింది.

నాలుగో తట్టో అయిదోదో చేతిలో ఉండగా మొదటి దెబ్బ పడింది. కుడి రెక్క కింద, అడ్డంగా. చుర్రున మండి, ఊపిరి ఆగిపోయింది. "ఎవర్రా అది!" అని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. తిరిగినందుకు తట్ట ఆలస్యమైంది. రెండోది పడింది. ఆ తర్వాత అర్థమైంది, నా చేతుల్లో తట్ట ఆగినప్పుడల్లా పడుతోంది. వేళ్ళు చిట్లి జారినప్పుడు, చెమట తుడుచుకోబోయినప్పుడు, ఒకసారి ఏడుపొచ్చి ఆగినప్పుడు. నడుం మీద, భుజాల మీద, మెడ కింద. కర్ర గాల్లో లేచిన చప్పుడు నాకు ముందే వినపడేది. పక్కవాళ్ళెవరూ తల కూడా తిప్పలేదు.

దిగిపోవచ్చు గదా అని మా ఆయన తర్వాత అడిగారు. దిగితే అతుకు పడుతుంది. అతుకు పడితే ఆ గోడలు మిరపకాయలకు పోతాయి, నా పిల్లలు రేకుల కిందికి పోతారు. పొద్దు వాలేవేళకు పై నుంచి ఆఖరి తట్ట కేక వినపడింది. అప్పుడు దిగి, నేల మీద బోర్లా పడ్డాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా జాకెట్టు కత్తిరించి తీసింది. తెల్లటి నూలు జాకెట్టు. ఎక్కడా ఒక్క పోగు కూడా చిరగలేదు. దాని కింద వీపంతా అడ్డంగా వాతలు, కొన్నిచోట్ల చర్మం పగిలి కండ కనపడుతోంది. "ఎవరు కొట్టారమ్మా, ఆయనేనా?" అని మెల్లగా అడిగింది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే నేను గోడవైపు చూస్తూ పడుకున్నాను. దాంతో ఊరంతా మా ఆయన్నే అనుకుంది. నుదుటి మీద కుర్చీ దెబ్బ మచ్చతో ఆయన కొన్నాళ్ళు బజారులో తల దించుకుని నడిచారు. "పోనీ నేనే ఒప్పేసుకోనా, నీకు ప్రశాంతంగా ఉంటుందేమో" అన్నారు ఒకరోజు. ఆ ఒక్కసారి ఆయనతో వాదించలేకపోయాను.

లేచి తిరగగలిగాక ఆ పరంజా విప్పనివ్వకుండా వెళ్ళి టేపుతో కొలిచాను. మా డ్రిల్లు టీచరునూ, అంతకన్నా పొడుగైన ఇంకో మనిషినీ ఆ రెండు చోట్లా నిలబెట్టి ఖాళీ తట్ట అందించమన్నాను. ఎన్నిసార్లు చేసినా కిందే పడింది.

చివరికి మరియమ్మ ఇంటికి వెళ్ళాను. చెవికి కట్టుతో యేసోబు మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. ఆయన ఆమె అన్నగారు. నేను మలుపు దగ్గరికి రాకముందు ఆమె తట్టలు ఎవరికి అందించిందని అడిగాను.

"అదేంటి పంతులమ్మగారూ, మనిషుందిగా. మీరు కొత్తగా పెట్టారనుకున్నా" అంది.

"మొహం చూశావా?"

"తట్ట పట్టుకుని మొహాలెవరు చూస్తారండీ? చేతులు చూశా. నల్లటి చేతులు, మోచేతుల దాకా ఎండిపోయిన సిమెంటు. తట్ట చక్కగా అందుకుంది, పనిమంతురాలు."

"మరి నేనొచ్చాక ఎక్కడికి పోయింది?"

మరియమ్మ నన్ను వింతగా చూసింది. "ఎక్కడికీ పోలేదు గదండీ. మీకు చోటిచ్చి మీ వెనక్కి జరిగింది. ఆఖరి తట్ట దాకా మీ వీపుకి ఆనుకునే నిలబడింది."

యేసోబు మేస్త్రీ లేచి బయటికి పోయాడు.

మలుపు దగ్గర రెండే పలకలు. నా మడమలు పలక అంచు మీద ఉన్నాయి. నా వెనక మనిషి నిలబడే చోటు లేదు. అక్కడ ఉన్నది గాలి, కింద ఈతకొలను గొయ్యి.

ఇది జరిగి ఆరేళ్ళవుతోంది. ఆ శ్లాబు కింద పిల్లలు పడుకుంటున్నారు. ఇంతవరకు ఒక్క చుక్క కురవలేదు. అద్దంలో చూసుకుంటే నా వీపు మీద మచ్చలు అలాగే ఉన్నాయి. నా వెనక నిలబడ్డామె నన్ను కొట్టిందా, లేక నా మీద పడాల్సిన ఆ వెదురు బద్ద దెబ్బల్లో కొన్ని తన వీపు మీద కాసుకుందా అన్నది నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. కొట్టి ఉంటే ఎందుకో నాకు తెలుసు. కాసి ఉంటే మాత్రం, ఎందుకో నాకు తెలియదు.