గోలీలు బందు పెట్టమన్న మనిషి

కోర్టు పంపిన కాగితంలో ప్రశ్న ఒక్కటే. నేరం జరిగిన సమయంలో తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలుసుకునే స్థితిలో ఈ మనిషి ఉన్నాడా? జవాబు రాయడానికి ముగ్గురు డాక్టర్లతో బోర్డు వేశారు. అందులో మానసిక వైద్యురాలిని నేనొక్కదాన్నే. మిగతా ఇద్దరూ నాకంటే పెద్దవాళ్లు. మొదటిరోజే ఫైలు నా వైపు జరిపి, "మీరు చూడండమ్మా, మీరు తేల్చినదాని మీదే మేం సంతకం పెడతాం" అన్నారు.

నేను గోదావరిఖనిలో పుట్టి పెరిగి, బయట చదువుకుని, మళ్లీ ఇక్కడికే ఉద్యోగానికి వచ్చినదాన్ని. మా ఓపీకి నిద్ర పట్టనివాళ్లు, తాగుడు మానలేనివాళ్లు, పరీక్షలంటే వణికే పిల్లలు వస్తారు. మనిషిని చంపినవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకోవడం నాకు అదే మొదటిసారి.

అతనికి నలభై ఆరేళ్లు. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టే పని. ఇరవై ఏళ్లుగా ఒకే గ్యాంగులో తనతోపాటు పనిచేసిన స్నేహితుడు, వెనక వరుస క్వార్టర్‌లో ఉండేవాడు, రెండో షిఫ్టుకు బండి మీద తీసుకుపోదామని మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. ఇతను లోపలి నుంచి గడ్డపార తెచ్చి తల మీద కొట్టాడు. ఆ తర్వాత పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా మెట్టు మీదే కూర్చున్నాడు. పాత కక్షలు లేవు, భూమి తగాదాలు లేవు, తాగి కూడా లేడు.

కారణం కనిపించకపోతే కాలనీ ఊరుకోదు. సగం మంది పిచ్చి లేచిందన్నారు. మిగతా సగం, చచ్చినవాడు ఏం చేశాడో ఎవరికి తెలుసు, ఆడమనిషి సంగతి ఏదో ఉండే ఉంటుందన్నారు.

జైలు నుంచి ఇద్దరు పోలీసులు అతన్ని తీసుకొచ్చారు. బక్కపలచటి మనిషి. గదిలోకి రాగానే నా ముఖం చూడలేదు, పైకి చూశాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి చెవి ఆనించాడు. కానిస్టేబులు గద్దించబోతే వద్దని సైగ చేశాను.

"ఏం ఇంటున్నవన్నా?" అని అడిగాను.

"మీ గది మంచిగనే ఉన్నది మేడమ్. గట్టిగున్నది. కూసోవచ్చు," అన్నాడు.

కూర్చుని, నేను పెద్దగా అడగకుండానే చెప్పాడు.

"మా దోస్తు పైకప్పును పిలుస్తుండె మేడమ్. కర్రతోని కొడితె అది ఆనికి జవాబిస్తది. నేను యాడ నిలవడ్డనో దానికి చెప్తుండె. బతుకమ్మ పండుగ ముంగట నుంచి ఇదే నడుస్తుంది."

"సంపాలని ఎప్పుడు అనుకున్నవు?"

"సంపుడు కాదు, ఆపుడు. ఆ దినం నేను ఆపకుంటె మా షిఫ్టుల పదకొండు మంది పోతుండిరి."

ఆ మాట చెప్పినప్పుడు అతని ముఖంలో గర్వం కనబడలేదు, బాధా కనబడలేదు. పని ముగించుకుని గని పైకి వచ్చిన మనిషికి ఉండే అలసట మాత్రం ఉంది.

జైల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు, డాక్టరు పిచ్చి అని రాస్తే శిక్ష తప్పుతుందని. అందుకే నటించేవాళ్లను పట్టుకునే పద్ధతులు మాకు చదువులోనే నేర్పుతారు. నా ఇబ్బంది మాత్రం వేరే. పైకప్పు చప్పుడు వినడం ఇతని ఉద్యోగం. దాన్ని అనుమానించకపోతే ఇరవై ఏళ్లు బతికి ఉండేవాడు కాదు. ఆ అనుమానం ఎక్కడ రోగంగా మారిందో నేను ఎలా చెప్పగలను?

ఆ ఆదివారం మా బాపును అడిగాను. ఆయన కూడా గనిలో అదే పని చేసి పింఛను తీసుకున్న మనిషి. కేసు సంగతి చెప్పలేదు.

"బాపూ, కప్పు నిజంగనే మాట్లాడుతదా?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మాట్లాడుతది బిడ్డా. కర్రతోని కొడితె గట్టి కప్పు ఖంగుమంటది. పొర ఇడిసిందనుకో, ఖాళీ డబ్బ తీర్గ డొల్లగ మోగుతది. అది ఇననోడు ఇంటికి రాడు."

"మరి బాయి బయట గూడ ఇనవడుతదా?" గనిని మా దగ్గర బాయి అనే అంటాం.

"పింఛను అయినంక రెండేండ్లు మంచం మీద కూసోని ఇంటి గోడలు కొట్టి సూసెటోన్ని. మీ అమ్మ నవ్వేది. అలవాటు గద." గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుని అన్నాడు. "గాని ఒక్కటి బిడ్డా. కప్పుకు నువ్వెవరో తెల్వది. అది నీ పేరు వెట్టి పిలువది. పడితె కింద ఎవలుంటె ఆల్ల మీదనే పడ్తది."

అలవాటుకూ రోగానికీ మధ్య నా పుస్తకాల్లో దొరకని గీత అక్కడ దొరికింది. తర్వాతి మూడు వారాలు ఆ గీత పట్టుకునే ప్రశ్నలు అడిగాను. అతనికి ఆ చప్పుడు ఊరికి పోయే బస్సులో వినబడింది, ఇంట్లో గిన్నెల మీద వినబడింది, జైల్లో కుళాయి నీళ్లు బకెట్లో పడుతుంటే వినబడింది. ప్రతిచోటా అది అతని పేరే చెప్పింది. నటించేవాడు మనం అందించిన ప్రతి లక్షణాన్నీ ఒప్పుకుంటాడు. అందుకని కావాలనే, గదిలో బల్బు కూడా మాట్లాడుతుందా అని అడిగాను. విసుక్కున్నాడు.

"కరెంటు బల్బు ఎట్ల మాట్లాడుతది మేడమ్? మీరు గూడ గిట్లనే అడుగుతరా?"

అతని భార్యను పిలిపించాను. భర్త నెలల తరబడి మంచం కింద పడుకున్నాడని, పిల్లల్ని తలుపు చట్రం కింద పడుకోమనేవాడని, అన్నం గిన్నెను కూడా గరిటెతో కొట్టి విన్నాకే తినేవాడని చెప్పింది. "బాయి కాడ ఎవలకన్న చెప్పినవా అక్కా?" అంటే తల అడ్డంగా ఊపింది. "ఆడ అందరు తారీఫ్ చేసేది మేడమ్. నీ అసొంటి జాగ్రత్త మనిషి లేడనేటోళ్లు. నేనేమని చెప్పాలె?"

నా నివేదిక దాదాపు సిద్ధమైంది. అతనికి మందులు మొదలయ్యాయి. ఆ సమయంలోనే ఒక ఉదయం చనిపోయినతని భార్య నా ఓపీకి వచ్చింది. తన పేరు మీదే చీటీ రాయించుకుని, వరుసలో కూర్చుని, వంతు వచ్చాక లోపలికి వచ్చింది.

"నాకేం రోగం లేదు మేడమ్. ఒక్క మాట అడగనీకి వచ్చిన. పిచ్చోడని రాస్తున్నరట గద?"

రాసేది చెప్పే వీల్లేదన్నాను.

"చెప్పకున్రి. ఆడు పిచ్చిల కొట్టినా తెలివితోని కొట్టినా నా మొగడు సచ్చిండు. ఆని మనసుల ఏమున్నదో సూడనీకి ముగ్గురు డాక్టర్లున్నరు. సచ్చినోడు ఎసొంటోడని ఒక్కలు అడుగుతలేరు."

నెల రోజులుగా నేను చంపినవాడి నిద్ర, తిండి, చిన్నతనం, కలలు అన్నీ రాసుకున్నాను. చనిపోయిన మనిషి నా కాగితాల్లో 'మృతుడు' అనే ఒక్క మాటగా ఉన్నాడు. కలం పక్కన పెట్టి, "చెప్పు చెల్లె. ఎసొంటోడు?" అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి, "మా ఆయినకు ఎరుకే," అంది.

"ఏం ఎరుక?"

"దోస్తుకు మనసు బాగుంటలేదని. మూడు నెలల నుంచి ఎరుకే. నా ఎదురుంగనే అన్నడు. 'సార్లకు తెలిస్తె అన్‌ఫిట్ చేసి ఇంటికి తోలుతరు. ఇంకా కొన్నొద్దులు నేనే ఎంట తిప్పుకుంట, మంచిగైతడు' అని. దినాం బండి మీద తోల్కపోయెటోడు. లోపట ఆని పని గూడ నా మొగడే చేసెటోడు. నాకు భయమైతుంది, వద్దన్న. 'ఇరవై ఏండ్లు నా పాణం ఆని చేతులనే ఉండె గదనే' అన్నడు."

"పోలీసులకు చెప్పినవా?"

"లే. చెప్తె ఆనికే మంచిగైతది గద," అంటూ లేచి వెళ్లిపోయింది.

రోగిగా చీటీ తీసుకుని నా గదిలో చెప్పిన మాట అది. నివేదికలో వాడుకోలేదు. కోర్టులో చెప్పమని ఆమెను అడగనూ లేదు. ఆమె కోపాన్ని తగ్గించే పని నాది కాదనిపించింది.

మందులు మొదలైన మూడో నెలలో అతన్ని మళ్లీ తీసుకొచ్చారు. విచారణను అర్థం చేసుకోగలడా లేదా అన్నది ఈసారి తేల్చాలి. గదిలోకి వచ్చి పైకి చూడలేదు. గోడ కొట్టలేదు. కుర్చీ చివర కూర్చుని, చేతులు రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని, నేల చూస్తున్నాడు. నా వైద్యం ఫలించింది. నాకు సంతోషం కలగవలసిన రోజు అది.

"మేడమ్, గోలీలు బందు పెట్టున్రి," అన్నాడు.

"ఎందుకన్నా? పడుతలేవా?"

"పడుతున్నయ్. అందుకే అంటున్న." మోకాళ్ల మధ్య నుంచి చేతులు తీసి, "గోలీలు లేనప్పుడు నేను పదకొండు మంది పాణం కాపాడిన మనిషిని. గోలీలు ఏసుకున్నంక నా దోస్తును సంపినోన్ని అయిన," అన్నాడు.

తెలివి వచ్చాక ఇలాంటివాళ్లు ప్రాణం తీసుకునే ప్రమాదం ఎక్కువని చదువుకున్నాను. అది ఎందుకో అప్పుడు అర్థమైంది. రోగం అతనికి చేసిన ఒకే ఒక్క ఉపకారాన్ని నేను చేజేతులా తీసేశాను. మందు ఆపలేను. అతన్ని ఒంటరిగా ఉంచవద్దని జైలు డాక్టరుకు అక్కడే కాగితం రాశాను. నీ తప్పేం లేదు అనాలని నోటిదాకా వచ్చింది గానీ అనలేకపోయాను. వైద్యపరంగా అది నిజమే. అయినా ఆ మాట చెప్పే హక్కు నాకుందని నమ్మకం కలగలేదు.

"గోలీలు బందు పెట్టను. ఏసుకోవాలె. బతకాలె," అన్నాను.

పోయే ముందు తలుపు దగ్గర ఆగి అడిగాడు. "ఆనికి ఎరుకేనా మేడమ్, నాకు బాగలేదని?"

"అది నేను చెప్పే ముచ్చట కాదన్నా."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఏం చదివాడో తెలియదు.

విచారణ మొదలయ్యాక నేను సాక్ష్యం చెప్పాను. హత్యకు ముందు వారమంతా ఒక్క తప్పు లేకుండా డ్యూటీ చేసినట్టు రికార్డు ఉన్నవాడికి పిచ్చి ఎలా ఉంటుందని ప్రభుత్వ న్యాయవాది గట్టిగానే అడిగాడు. అతని పనిలో అనుమానం మంచి గుణమని, అందుకే రోగం అంతకాలం దాని వెనక దాక్కోగలిగిందని చెప్పాను.

నా తర్వాత చనిపోయినతని భార్యను పిలిచారు. ఇద్దరి మధ్య పగ ఉందా అని అడిగితే లేదంది. ఇక దిగిపోవచ్చు అన్నారు. ఆమె దిగలేదు. ఎవరూ అడగకుండానే, నా గదిలో చెప్పిందంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. భర్త అన్న మాటలు అన్నవి అన్నట్టు చెప్పింది. ముద్దాయి బోనులో నిలబడ్డ మనిషి మెల్లగా కిందికి జారి నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె అటు చూడలేదు.

బయట వరండాలో ఆమె మంచినీళ్లు తాగుతుంటే దగ్గరికి వెళ్లాను. నేను అడగకముందే అంది.

"ఆని కోసం చెప్పలే మేడమ్. ఏదో తప్పు చేస్తెనే సంపిండని బయట అంటున్నరు. నా పిల్లలు ఇంటున్నరు. నా మొగడు ఏ తప్పు చెయ్యలే. గా ముచ్చట కోర్టుల రాసి ఉండాలె."

కొట్టింది అతనేనని, అయితే రోగం వల్ల శిక్షించలేమని కోర్టు తీర్పు ఇచ్చింది. హైదరాబాద్‌లోని మానసిక వైద్యశాలలో ఉంచమంది. అతని భార్య నెలకోసారి వెళ్లి చూసి వచ్చి నాకు చెబుతుంది. మందులు వేసుకుంటున్నాడట. వంటగదిలో సాయం చేస్తాడట. కత్తి ఇవ్వరు కాబట్టి చిక్కుడుకాయల ఈనెలు తీస్తాడట. ఇంటికి పంపమని ఇంతవరకు అడగలేదు.

ఆ తర్వాత కోర్టు నా దగ్గరికి మరికొందరిని పంపింది. వాళ్లలో ఎక్కువమందికి ఏ రోగమూ లేదు. కోపం, తాగుడు, నలుగురిలో పోయిన పరువు, చేతికి అందిన వస్తువు. 'మానసిక వ్యాధి లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకాలు నన్ను పెద్దగా బాధపెట్టలేదు. అయితే ఇప్పుడు ప్రతి ఫైలులోనూ చనిపోయిన మనిషి గురించి కూడా ఒక పేజీ రాసుకుంటాను. కోర్టుకు దాంతో పనిలేదు, నాకు ఉంది.

చనిపోయినతని భార్యకు భర్త బదులు ఉద్యోగం వచ్చింది. గని మీద కార్మికులకు దీపాలు ఇచ్చే గదిలో పని. ఉద్యోగంలో చేరిన కొన్ని నెలలకు పెద్దకూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఈసారి చీటీ కూతురి పేరు మీద ఉంది. పదమూడేళ్ల పిల్ల బడిలో ఎవరితోనూ మాట్లాడటం లేదట.

పిల్లతో విడిగా మాట్లాడదామని తల్లిని బయట కూర్చోమన్నాను. పిల్ల తల్లి కొంగు పట్టుకుని వదల్లేదు. సరే, ఉండనీ అన్నాను. అడిగిన వాటికి పిల్ల ఏమీ చెప్పలేదు. నేనూ అడగడం మానేశాను. అప్పుడు తనే నోరు తెరిచింది.

"మేడమ్, పెద్దబాపు మంచిగైండా?"

తండ్రి దోస్తును ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ పిలిచే పిలుపు అది. తల్లి తల పక్కకు తిప్పుకుంది.

"మంచిగైండు బిడ్డా."

"మా బాపు కోసం ఏడుస్తడా?"

"ఏడుస్తడు."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. తల్లి కొంగు విడిపించుకోలేదు. బయట వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు. కాసేపు ఆగమని వాళ్లకు చెప్పమని నర్సుతో అని, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ ఆ పిల్ల పక్కకు జరుపుకున్నాను.