బూడిదోడి గెడ్డ స్నానాలు

పైడయ్య నోట మెత్తని మాట ఒకటి వినాలని రాజులమ్మ కాపరానికొచ్చిన కొత్తలో ఆశపడింది. పిల్లలు పుట్టి, పెళ్ళిళ్ళయి, ఎవరి తెప్ప వాళ్ళు చూసుకున్నాక ఆ ఆశ మానేసింది. మనిషి చెడ్డవాడు కాడు. తాగొచ్చి కొట్టడు. కాని అన్నం పెట్టమని కూడా తగూకి దిగినట్టే అంటాడు. పలాసలో రైలు దిగి, ఉద్దానం కొబ్బరితోటల్లో పడి ఒక పూట నడిస్తే గాని చేరలేని ఆ పల్లెలో మగాళ్ళందరి గొంతులూ పెద్దవే. కెరటాల మీద అరిచి అరిచి ఇంట్లోనూ అలాగే మాట్లాడతారు. పైడయ్య వాళ్ళందరికీ గురువు.

పలాసకు రైలొచ్చాక పుట్టిన కుర్రాళ్ళకు అప్పుడప్పుడే మీసాలు మొలుస్తున్న రోజులవి. పిల్లలు వేరుపడ్డాక ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు తోడు మిగిలింది బూడిదోడు. బూడిదరంగు ఊరకుక్క. ఇసకలో ఎండబెట్టిన కవళ్ళ చేపల మీద కాకి వాలకుండా, నక్క మూతి పెట్టకుండా చూడడం వాడి కొలువు. పెద్దవల ఒడ్డుకు లాగేటప్పుడు మగాళ్ళ వెనక నిలబడి, తాడు కొస నోట కరుచుకుని వాడూ లాగేవాడు. వల బరువంతా తన పళ్ళ మీదే ఉన్నట్టు వాడు పెట్టే మొహం చూసి అందరూ నవ్వేవారు.

"ఆడెవడి కుక్కో, నాది కాదు," అనేవాడు పైడయ్య, తన అంబలిలో సగం వాడి చిప్పలో పోస్తూనే.

మాఘం వెళ్ళాక ఒక పొద్దున కవళ్ళ మీద కాకులు దిగాయి. బూడిదోడు లేవబోయాడు. ముందరి సగం లేచింది, వెనక సగం ఇసకలోనే ఉండిపోయింది. ముందు రోజు దాకా గంతులేసిన కుక్క. ఏమైందో వాడికే తెలియక వెనక్కి తిరిగి తన కాళ్ళని తనే చూసుకున్నాడు. అయినా కాకుల్ని వదల్లేదు, ఒళ్ళు ఈడ్చుకుంటూనే తరిమాడు. ఎండకీ ఆయాసానికీ మూతి చుట్టూ నురగ కట్టింది. అది చూసిన వాడెవడో "కుక్కకి ఎర్రెత్తినాది" అని కేకేశాడు. అంతే, గుడిసెకో కర్ర బయటికొచ్చింది.

అందరికంటే ముందు వచ్చినవాడు కులపెద్ద అప్పలసూరి. అతన్ని తప్పు పట్టడానికి లేదు. అంతకు ముందు ఏడు అతని తమ్ముణ్ణి పిచ్చికుక్క కరిచింది. చచ్చిపోయే ముందు ముంతలో నీళ్ళు చూసి ఆ కుర్రాడు గోడకు అంటుకుపోయి వణికిన వణుకు పల్లె మొత్తం చూసింది.

"ఒరే పైడిగా, తప్పుకో. ఒక్క దెబ్బలో పోద్ది, బాధుండదు," అన్నాడు అప్పలసూరి.

పైడయ్య కుక్కకు అడ్డంగా నిలబడ్డాడు. "ఎర్రి కుక్క నీళ్ళు సూత్తే బెదిరిపోద్ది గదా బావా. నాను దీన్ని గెడ్డలో దింపుతాను. బెదిరితే నీ కర్ర నీది."

ఎవరూ వద్దనేలోగా కుక్కను చంకనేసుకుని, పల్లె వెనక సముద్రంలో కలిసే గెడ్డలోకి మొలలోతు దిగిపోయాడు. కరుస్తుందేమోనని రాజులమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. బూడిదోడు బెదరలేదు. నాలుగు గుక్కలు తాగి, ముందరి కాళ్ళతో ఈత మొదలెట్టాడు. గట్టు మీద వంగి చూస్తున్న రాజులమ్మకు నీళ్ళ అడుగున ఇంకొకటి కనిపించింది.

"ఎనక కుడికాలు ఆడినాది మావా."

"నీటి ఊపులే."

"ఊపు కాదు. నాను సూసినాను."

అప్పలసూరి కర్ర దించాడు గాని గుండెలో భయం దించుకోలేదు. "మా తమ్ముడికీ మొదట్లో నీళ్ళు బాగానే దిగినాయిరా. పిల్లలు తిరిగే ఊరు. తాడేసి ఇంట్లో కట్టు. పున్నమి దాకా సూత్తాను. అప్పటికి లేసి నడిత్తే సరే. నేకపోతే నన్నాపొద్దు."

ఆ వేళ నుంచి పైడయ్య వేట నుంచి రాగానే కుక్కను గెడ్డకు మోసుకుపోవడమే పని. పాత వల ముక్క పొట్ట కింద వేసి పట్టుకుని, నీళ్ళలో అటూ ఇటూ ఈదించేవాడు. "కార్తీకం కాకపోయినా కుక్క సేత తానాలు సేయిత్తన్నాడు," అని తోటివాళ్ళు ఎకసెక్కాలాడారు. కవళ్ళ కోసం వచ్చిన తోటల రైతు ఒకాయన, టెక్కలి వైపు కాళ్ళు పడిపోయిన ఎడ్లకు వాతలు పెట్టి నయం చేసేవాడున్నాడని చెప్పబోయాడు. ముందు ఆ వాత నీకు పెట్టిస్తానన్నాడు పైడయ్య. ఆ బేరం అక్కడితో పోయింది.

ఇంట్లో నిలబడడం నేర్పాలని వల ముక్కను దూలానికి ఉయ్యాలలా కట్టి కుక్కను అందులో వేశాడు. మరీ ఎత్తుగా కట్టాడు. తూకానికి వేలాడదీసిన చేపలా బూడిదోడు గిరగిరా తిరుగుతుంటే రాజులమ్మ నవ్వలేక కూలబడింది. "కాళ్ళు నేలకి తగలాలి మావా. బరువు వల మొయ్యాలి, నేల ఆడికి తెలవాలి," అని తాడు సడలించింది. కొబ్బరిపీచు మెత్తగా పరిచి పక్క వేసింది. పూటకోసారి వాణ్ణి ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పేది. ఇసక వేయించి, గుడ్డలో మూటకట్టి నడుముకు కాపడం పెట్టేది. ఇవన్నీ ఆవిడకు కొత్త కాదు. పక్షవాతంతో మంచాన పడిన అత్తకు పోయేదాకా చేసినవే.

ఒకరోజు తోటల్లో కవళ్ళు అమ్ముకుని గెడ్డ గట్టున వస్తుంటే నీళ్ళలోంచి మొగుడి మాటలు వినిపించాయి. "నా నాయినా, నా బంగారు తండ్రీ, ఇంకొక్క తాపు తన్ను." రాజులమ్మ తట్ట నెత్తిమీదే పెట్టుకుని నిలబడిపోయింది.

"ఆ మాట నాకేనాడైనా అన్నావేటి?"

పైడయ్య తడబడి, అంతలోనే తేరుకున్నాడు. "నీకెప్పుడు కాళ్ళు పడిపోనాయి?"

ఆవిడకు నవ్వొచ్చింది. రాత్రి కుక్క కాలికి కొబ్బరినూనె రాస్తుంటే ఆ నవ్వు పోయి, ఏళ్ళుగా కడుపులో ఉన్నది బయటికొచ్చింది. "మీయమ్మకి ఒక్కనాడూ సెయ్యెయ్యనేదు నువ్వు."

పైడయ్య, తనదేనా అనిపించే చిన్న గొంతుతో అన్నాడు, "అమ్మనలా సూడనేకపోనాను. భయమేసినాది. నువ్వున్నావు గదాని తెప్పెక్కి ఎలిపోయేవోణ్ణి."

రాజులమ్మకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రెండూ కలిసి చేతిలోకి దిగితే, పిసుకుతున్న కాలు గట్టిగా నొక్కుకుంది. బూడిదోడు కుయ్యిమన్నాడు. మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకున్నారు. అప్పటిదాకా ఆ కాలు గిల్లినా వాడికి తెలిసేది కాదు.

ఆ కుయ్యితో ఇంటికి పండగొచ్చింది గాని, పున్నమి మాత్రం ఎవరికోసమూ ఆగదు. వల సాయంతో వాడు నిలబడ్డాడు. వల తీస్తే ఒక్క క్షణం నిలిచి చతికిలబడేవాడు. ఎడమకాలు మాట వినేది కాదు.

పున్నమి పొద్దున పైడయ్య సముద్రం మీదికి, రాజులమ్మ ఎండు చేపల దగ్గరికి వెళ్ళారు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి గుడిసెలో తెగిన తాడుంది, కుక్క లేదు. అప్పలసూరి మాటంటే మాటే. తాము చూడకుండా పని కానిచ్చేశాడనుకున్నారు. పైడయ్య ఆ తాడు ముక్క పట్టుకుని గుమ్మంలో కూర్చుండిపోయాడు. తిట్టలేదు, లేవలేదు. ఆ మనిషి ఊరికే ఉండడం చూస్తే రాజులమ్మకు కుక్క పోయినదానికంటే ఎక్కువ భయం వేసింది.

అంతలో అప్పలసూరి కేకలేస్తూ వచ్చాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో తల లేని పండుగొప్ప.

"పైడిగా, నీ కుక్క నా కొంప ముంచినాది. కూరకని అట్టిపెట్టిన సేప, తలకాయంతా తినీసినాది."

పైడయ్య తలెత్తాడు. "మీ ఇంటికా? ఎలాగొచ్చినాది?"

"ఎలాగొత్తాది, పల్లకీలోనా? నడిసొచ్చినాది. కర్ర తీత్తే నడిసే ఎలిపోనాది, తోటల కేసి..."

అక్కడ అతని నోరు ఆగింది.

"నాలుగు కాళ్ళ మీదేనా అన్నా?" అంది రాజులమ్మ.

"ఎడంది కొంచెం ఈడుత్తన్నాది," అన్నాడు అప్పలసూరి మెల్లగా. "నాలుగూ ఆడినాయి."

కర్ర గోడకు ఆన్చి, మిగిలిన చేపను రాజులమ్మ చేతిలో పెట్టాడు. "ఇదీ ఆడికే ఎయ్యి," అంటూ గుమ్మం ముందు ఇసకలో కూలబడి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"మా తమ్ముడూ ఇలాగే లేసొచ్చి నా కూడు తినీసుంటే ఎంత బాగున్ను."

పైడయ్య లేచి వెళ్ళి అతని పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.