మూడో మనిషి తప్పుకోవాలి

మా నేపుల్స్ సముద్రజీవుల ప్రయోగశాలలో ప్రొఫెసర్ ఎర్మెలిందా గారికి మూడో మనిషంటే పడదు. ఏ పనైనా ఇద్దరే పట్టాలి. దుప్పటి మడతకు ముగ్గురు చేరారా, ఒకరి చెవి ఆవిడ చేతిలో ఉన్నట్టే.

ఓసారి ఇరుకు సందులో కారు వెనక్కి తీయిస్తూ ముగ్గురు తలోవైపు చేతులూపుతున్నారు. ఈవిడ బస్సు ఆపించి మరీ దిగి, వాళ్ళలో లావుపాటాయన్ని చొక్కా పట్టి ఇవతలికి లాగేసింది.

"ఆ కారు నాదే తల్లీ!" అని లబోదిబోమన్నాడు.

"మరీ మంచిది. నువ్వు అరవకపోతే చక్కగా వస్తుంది."

వచ్చింది కూడా!

ఈ పిచ్చికి మూలం ఆవిడ పరిశోధించే సెంట్రోసోమ్, కణంలో ఓ చుక్కంత భాగం. కణం చీలే ముందు అది రెండై చెరో కొసకు చేరుతుంది. అక్కణ్ణుంచి దారాలు సాగి, క్రోమోజోములను చెరిసగం లాక్కుంటాయి. కొసలు రెండు దాటాయా, పంపకం తప్పి పిండం చెడుతుంది.

మా పరిశోధక విద్యార్థిని తితీనా ఓసారి సీ అర్చిన్ అనే ముళ్ళబంతిలాంటి సముద్రజీవి గుడ్ల మీద మగద్రవం చిక్కగా ఒంపేసింది. ఒక్కో గుడ్డులోకి వీర్యకణాలు రెండేసి దూరి, చెరో సెంట్రోసోమ్ తెచ్చిపెట్టాయి. రెండుగా చీలాల్సినవి నాలుగుగా చీలాయి.

"పెళ్ళికొడుకు ఒక్కడు చాలునే పిల్లా! ఊరేగింపునంతా లోపలికి తోలావేం?" అంది ఎర్మెలిందా గారు.

అసలు తంటా తితీనా థీసిస్ దగ్గరొచ్చింది. గైడ్లు ముగ్గురు: ఎర్మెలిందా గారు, డైరెక్టరు గారు, నోట్లో నాలుక లేని గయెతానో. ఒకరు రంగు వేసి చూడమంటారు, ఒకరు వీడియో తీయమంటారు, ఈవిడేమో మళ్ళీ మొదలెట్టమంటుంది. వేసవి దాటితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఆపైన నాన్న బేకరీలో పిండి పిసుక్కోవడమే.

"నావల్ల కాదు ప్రొఫెస్సోరే, వెళ్ళిపోతాను," అని ఏడ్చేసింది పిల్ల.

ఆవిడ అప్పటికప్పుడే గైడ్లను కూర్చోబెట్టింది. "ముగ్గురమయ్యాం. ఒకరు తప్పుకోవాలి."

గయెతానో నిట్టూర్చి కాగితాలు సర్దుకోబోయాడు.

"కూర్చోవయ్యా! తప్పుకునేది నేను."

కాఫీ తెచ్చిన నాకు ఉండబట్టలేదు. "ఆలోచన మీదే కదండీ! ఇక థీసిస్‌లో మీ పేరే ఉండదు!"

"పిల్ల గట్టెక్కితే చాలదూ? నోరు మూసుకుని కాఫీ పొయ్యి."

ఇంత మనసున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మిగిలినవాళ్ళు చెప్పింది రెండు పనులే కాబట్టి తితీనా రెండూ పూర్తిచేసి, గడువులోపలే డాక్టరైంది. తలమీద ఇక్కడ పట్టా అందుకున్నవాళ్ళకు పెట్టే లారెల్ ఆకుల దండతో, గైడ్లిద్దరి మధ్య ఫోటోకి నిలబడిందల్లా పరుగెత్తి, వెనక బెంచీలో ముక్కు చీదుకుంటున్న ఎర్మెలిందా గారి చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"వద్దే, ఇద్దరున్నారుగా!"

"మీరు రాకపోతే నాకు ఫోటోయే వద్దు."

ఆవిడ ఓ క్షణం ఆలోచించింది.

"సరే. గయెతానో, నువ్వు జరుగు!"

ఆ ఫోటో ఇప్పటికీ మా గోడమీద ఉంది. ఓ అంచున గయెతానో మోచెయ్యి కనిపిస్తుంది.